కోరాపుట్ ఓటు, మెదక్ సీటు: ఢిల్లీ గద్దె మారినప్పుడల్లా మనం ఎక్కడున్నాం?

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, ఈమధ్యే రిటైరైన సోషల్ మాస్టారు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందాండీ? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే నా గొంతుకి శ్రమ తప్పుతుంది. సరే.

రెండు అంకెలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి. ఒకటి 4,414. రెండోది 5,04,247. మొదటిది 2019లో మన విశాఖపట్నం లోక్‌సభ సీటులో వచ్చిన మెజారిటీ. వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున ఎం.వి.వి. సత్యనారాయణ గారు, తెలుగుదేశం అభ్యర్థి శ్రీభరత్ గారి మీద గెలిచారు. రెండోది 2024లో అదే సీటులో, అదే శ్రీభరత్ గారికి వచ్చిన మెజారిటీ. నాలుగు వేలతో ఓడిన మనిషి ఐదేళ్లు తిరిగేసరికి ఐదు లక్షలతో గెలిచాడు. ఆ రోజు పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా అందరి నోటా ఒకటే మాట. "గాలి మాస్టారూ, గాలి!"

గాలే కావచ్చు. కానీ నేను లెక్కల మాస్టారిని కాకపోయినా లెక్క చూడకుండా ఊరుకోలేను. 2019లో ఇక్కడ వైఎస్సార్ కాంగ్రెస్‌కి వచ్చిన ఓట్లు 4,36,906. 2024లో అదే పార్టీ నుంచి బొత్స ఝాన్సీ గారికి వచ్చినవి 4,03,220. అంటే పార్టీ పోగొట్టుకున్నది ముప్పై నాలుగు వేల లోపు. ఐదు లక్షల మెజారిటీ ఎక్కడినుంచి ఊడిపడినట్టు మరి? 2019లో జనసేన నుంచి లక్ష్మీనారాయణ గారు విడిగా నిలబడి 2,88,874 ఓట్లు తెచ్చుకున్నారు. బీజేపీ కూడా విడిగానే పోటీ చేసింది. 2024కి ఆ మూడు పార్టీలూ ఒక పందిరి కిందికి వచ్చాయి. దానికి తోడు ఓటేసినవాళ్లు పెరిగారు. కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది అటే వేశారు. ఇందులో గాలి పాలు ఉంది, కాదనను. కానీ ముందు కూడిక ఉంది. నా ఉపన్యాసం మొత్తం ఈ కూడిక గురించే. ఢిల్లీలో గద్దె మారినప్పుడల్లా మనం గాలి గురించి మాట్లాడతాం, లెక్క గురించి మాట్లాడం. ఆ లెక్కలో తెలుగువాళ్ల స్థానం మొదటినుంచీ కాస్త విచిత్రంగానే ఉంది.

1977 దగ్గరికి వెళ్దాం. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. మేం అల్లిపురంలో ఉండేవాళ్లం, నాన్న రైల్వేలో ఫిట్టరు. ఆ వీధిలో రేడియో ఉన్న నాలుగిళ్లలో మాది ఒకటి. మార్చి 16 నుంచి 20 దాకా పోలింగు జరిగింది. ఇరవయ్యో తేదీ రాత్రి నుంచి వీధిలో మగవాళ్లంతా మా అరుగు మీదే. మాలాంటి గుంటలం వాళ్ల కాళ్ల మధ్య దూరి కూర్చున్నాం. తెల్లారేసరికి తెలిసిన సంగతి, రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ ఓడిపోయారని. రాజ్‌నారాయణ్ చేతిలో, 55,202 ఓట్ల తేడాతో. ప్రధానమంత్రి సొంత సీటులో ఓడిపోవడం ఈ దేశంలో అప్పటిదాకా ఎవరూ చూడలేదు. మా నాన్న ఏమీ అనలేదు. రేడియో సౌండ్ తగ్గించాడు. ఎమర్జెన్సీ రోజుల్లో పట్టుకున్న అలవాటు అది, రాజకీయం మాట వినపడితే చెయ్యి దానంతటదే ఆ మీట మీదికి వెళ్లేది. ఆ రోజే, మార్చి 21న, ఎమర్జెన్సీ ఎత్తేశారు. 24న జనతా పార్టీ తరఫున మొరార్జీ దేశాయ్ ప్రధానిగా ప్రమాణం చేశారు. ముప్పై ఏళ్లుగా ఢిల్లీలో ఒకే పార్టీ. అది పోయింది.

మరి మన దగ్గర? అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే! విశాఖలో ద్రోణంరాజు సత్యనారాయణ గారు గెలిచారు. జనతాకి దక్కింది ఒక్కటంటే ఒక్క సీటు, నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి గారు ముందు లోక్‌సభ స్పీకరయ్యారు, నాలుగు నెలలు తిరగకుండానే రాష్ట్రపతి అయ్యారు. ఒక్క సీటు ఇచ్చి రాష్ట్రపతి పదవి తెచ్చుకున్నాం. ఇంత లాభసాటి బేరం మళ్లీ చేయలేదు మనం. (నవ్వులు)

ఎందుకిలా జరిగింది అని నేను టీచరయ్యాక పిల్లలు అడిగేవారు. మనవాళ్లకి ఎమర్జెన్సీ బాధ తెలియదా అంటే, తెలుసు. మన యూనివర్సిటీలో లా చదివిన వెంకయ్యనాయుడు గారు జైలుకెళ్లారు. నక్సలైట్ ఉద్యమంలో ఉన్న భూమయ్య, కిష్టాగౌడ్‌లని ఉరితీసింది ఆ రోజుల్లోనే, 1975 డిసెంబరు 1న. కానీ ఉత్తరాదిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల పేరుతో ఊళ్లకి ఊళ్లని లారీలెక్కించిన భయం ఇక్కడ అంత లేదు. ఇళ్ల స్థలాలు, భూముల పట్టాలు అందినవాళ్లున్నారు. పైగా జనతా పార్టీకి ఇక్కడ ఊరూరా మనుషులు లేరు. అక్కడి కోపం ఇక్కడికి రావాలంటే మోసుకొచ్చేవాడు ఉండాలి కదండీ.

ఇందులో మీకు ఇంకో లెక్క చూపిస్తాను. 41 సీట్లు, ఒక సీటు అనగానే రాష్ట్రమంతా ఒక్కటై ఓటేసిందనిపిస్తుంది. నిజానికి ప్రతి వంద ఓట్లలో కాంగ్రెస్‌కి వచ్చినవి 57, జనతాకి 32. నూటికి ముప్పై రెండు మంది వేసిన ఓట్లకి ఫలం ఒక్క సీటు. మన పద్ధతి అంతే. నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాడికి సీటు మొత్తం. రెండోవాడికి చేతులూపుకుంటూ ఇంటికెళ్లడమే. అదే పద్ధతిలో ఢిల్లీలో ఆ రోజు కాంగ్రెస్ 154 దగ్గర ఆగిపోయింది.

ఓడిపోయిన ఇందిరకి తర్వాత మళ్లీ ఊపిరి పోసింది దక్షిణాదే. 1978లో చిక్‌మగళూరు, 1980లో మన మెదక్. 1980లో రాయ్‌బరేలీలోనూ గెలిచారు, కానీ దాన్ని వదులుకుని మెదక్ ఉంచుకున్నారు. చనిపోయేనాటికి ఆవిడ మెదక్ ఎంపీ.

ఇక 1984. ఆ ఏడాది ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేశారు. సరిగ్గా నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ కుర్చీ ఎక్కారు. ఆ నెల రోజులు ఈ ఊళ్లో షాపులు ఎన్నిసార్లు మూశారో, ఎన్నిసార్లు తెరిచారో ఇక్కడ తెల్ల వెంట్రుకలున్న ప్రతివాళ్లకీ గుర్తుంటుంది. అక్టోబరు 31న ఇందిర హత్య. డిసెంబరులో ఎన్నికలు. దేశమంతా సానుభూతి, రాజీవ్‌కి 400 దాటాయి. మనం? తెలుగుదేశానికి 30 ఇచ్చాం. విశాఖ నుంచి భాట్టం శ్రీరామమూర్తి గారు. నిన్నగాక మొన్న పుట్టిన ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షం అయి కూర్చుంది. ఆ ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చినవి రెండే రెండు. అందులో ఒకటి తెలుగు నేల మీదే, హన్మకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి గారి చేతిలో ఓడింది ఎవరనుకున్నారు? పి.వి. నరసింహారావు గారు! ఆయన మహారాష్ట్రలో రాంటెక్ నుంచి కూడా పోటీ చేశారు కాబట్టి బతికిపోయారు. దేశం కుడికి వెళితే మనం ఎడమకి, వాళ్లు ఎడమకి వస్తే మనం కుడికి.

1989లోనూ అదే వరస. నేను ఉద్యోగంలో చేరాక మొదటి ఎలక్షన్ డ్యూటీ అది. బ్యాలెట్ పెట్టె అంటే ఈ తరం వాళ్లకి తెలియదు. ఇనప డబ్బా, పైన చిన్న చీలిక. లోపల పేపర్ సీలు సరిగ్గా పెట్టకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ రాత్రి స్కూలు వరండాలో పడుకుని ఎన్నిసార్లు లేచి ఆ డబ్బా మూత చూశానో నాకే తెలుసు. సరే, ఫలితం సంగతి. కాంగ్రెస్‌కి ఎదురుగా కట్టిన కూటమి నేషనల్ ఫ్రంట్‌కి ఛైర్మన్ ఎన్టీఆర్. ఢిల్లీలో కాంగ్రెస్ 197కి పడిపోయింది, వి.పి. సింగ్ ప్రధాని అయ్యారు. ఇంతా చేస్తే ఆ ఫ్రంట్ ఛైర్మన్ సొంత రాష్ట్రంలో కాంగ్రెస్‌కి 39 సీట్లు, తెలుగుదేశానికి రెండు! పెళ్లి పెద్ద తనే, విందులో విస్తరి మాత్రం ఖాళీ. విశాఖలో ఉమా గజపతిరాజు గారు కాంగ్రెస్ నుంచి గెలిచారు.

ఆవిడ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1991 మే 21. రాజీవ్‌గాంధీ ఆవిడ తరఫున ప్రచారానికి మన ఊరొచ్చారు. సాయంత్రం మద్రాసు వెళ్లాల్సిన విమానంలో ఏదో లోపం వచ్చిందన్నారు, ఈ రాత్రికి ఇక్కడే ఆగిపోతారనుకున్నారు. అంతలో బాగైందని కబురొచ్చింది. బయల్దేరారు. రాత్రి పదిన్నర కాకముందే శ్రీపెరుంబుదూర్‌లో ఆ ఘోరం. ఆయన గడిపిన ఆఖరి రోజులో మన ఊరు కూడా ఉంది. దానిమీద నేనేమీ వ్యాఖ్యానం చేయను. కానీ ఇక్కడ ఓటర్లు ఎంపీగా ఎన్నుకున్నది ఉమా గజపతిరాజు గారిని కాదు, తెలుగుదేశం నుంచి ఎం.వి.వి.ఎస్. మూర్తి గారిని. ఢిల్లీలో మాత్రం కాంగ్రెస్ వచ్చింది, పూర్తి మెజారిటీ లేకుండానే. ప్రధానిగా పీవీ గారు. హన్మకొండలో ఓడిన మనిషే. ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో ఆయన మీద తెలుగుదేశం పోటీయే పెట్టలేదు, తెలుగువాడు ప్రధాని అయ్యాడని. ఇప్పుడు అలాంటిది జరుగుతుందా అని అడక్కండి.

1996, 98 త్వరగా దాటేస్తాను. అవి ఒకరు ఎక్కడం, ఇంకొకరు దిగడం. అప్పటి కూటమి యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్‌గా చంద్రబాబు గారు ఢిల్లీలో చక్రం తిప్పుతున్నారని పేపర్ల నిండా రాశారు. విశాఖలో ఆ రెండుసార్లూ సుబ్బరామిరెడ్డి గారు, కాంగ్రెస్. ఇక్కడా ఎదురే, చూశారా.

కానీ 1999 ఏప్రిల్ 17 దగ్గర ఆగకుండా వెళ్లలేను. శనివారం. మా స్టాఫ్ రూములో టీవీ లేదు, ఎదురుగా ఎలక్ట్రికల్ షాపు ముందు నిలబడి చూశాం. వాజపేయి ప్రభుత్వం మీద ఓటింగు. అన్నాడీఎంకే మద్దతు తీసేసింది. చివరికి బోర్డు మీద పడిన అంకెలు: 269, 270. ఒక్క ఓటు! దేశాన్ని ఏలుతున్న ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ ఒక్క ఓటు ఎవరిదని ఎంతమందైనా చెప్పుకోవచ్చు, 270 మందిలో ప్రతివాడిదీ ఆ ఒక్క ఓటే. కానీ అందరూ వేలు చూపించింది గిరిధర్ గమాంగ్ గారి వైపు. ఆయన అప్పటికే రెండు నెలల కిందట ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, కానీ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ఏ సీటు నుంచి? కోరాపుట్. మన స్టేషన్లో కిరండోల్ బండి ఎక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు దాటితే వచ్చే కోరాపుట్. ఆయన ఓటు వేయొచ్చా లేదా అన్నది స్పీకర్ ముందుకొచ్చింది. స్పీకర్ ఎవరు? అమలాపురం బాలయోగి గారు, తెలుగుదేశం మనిషి. ఆ పార్టీ వాజపేయికి మద్దతిస్తోంది. ఆయన అడ్డుచెప్పలేదు, గమాంగ్ గారి మనస్సాక్షికే వదిలేశారు. మీరైతే ఏం చేసేవారు? నేను క్లాసులో పిల్లల్ని అడిగితే ప్రతి ఏడూ సగం మంది అటు, సగం మంది ఇటు చేతులెత్తేవారు. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "సార్, ఆయన ముందే రాజీనామా చేసుంటే స్పీకర్ గారికి ఈ టెన్షన్ ఉండేది కాదుగా" అంది. దానికి నేను మార్కులు వేయలేను గానీ, నాకు బాగా నచ్చిన జవాబు అదే.

2004లో మనమూ దేశమూ ఒకే దారిన నడిచాం. 1999లోనూ నడిచాం అంటారేమో, ఒప్పుకుంటాను. అప్పుడు తెలుగుదేశం 29, బీజేపీ 7. కానీ అప్పుడు గద్దె మారలేదు కదా, ఉన్న ఆయనే మళ్లీ కూర్చున్నారు. 2004లో మారింది. భారత్ వెలిగిపోతోందని హోర్డింగులు పెట్టి, ముందుగా ఎన్నికలకి వెళ్లి, వాజపేయి గారు దిగిపోయారు. కాంగ్రెస్ 145, బీజేపీ 138. తేడా ఏడు! ఆ 145లో 29 మన రాష్ట్రం ఇచ్చినవే, ఏ రాష్ట్రమూ అన్ని ఇవ్వలేదు. వాటిని పక్కన పెట్టి లెక్కేయండి, 116. ఢిల్లీలో గద్దె ఎవరిదో ఆ రోజు తేల్చింది గోదావరి, కృష్ణా, తెలంగాణ పల్లెలు. అప్పటికి వరసగా కరువులు, రైతుల ఆత్మహత్యలు. హోర్డింగు మీద వెలుగు ఊళ్లోకి రాలేదు. విశాఖలో నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు గెలిచారు. ఎక్కడో నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ గెలిచారని అప్పట్లో గొణుక్కున్నవాళ్లున్నారు. మన ఊరికి బయటివాళ్లు కొత్తేమీ కాదులెండి, ఈ హాల్లో సగం మంది తాతలు ఎక్కడినుంచి వచ్చారో అడిగితే తెలుస్తుంది.

ఇప్పుడు ఎవరో చీటీ పంపారు. "మాస్టారూ, స్వతంత్రులు గెలవలేరా?" అని. మన సీటులో గెలిచారండీ. 1952లో లంకా సుందరం గారు, 1967లో తెన్నేటి విశ్వనాథం గారు. బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కుకి వెళ్లే పిల్లలకి ఆ పేరెవరిదో తెలియదు. 1966లో ఉక్కు ఉద్యమం, నవంబరు 1న ఇదే ఊళ్లో కాల్పులు, మనుషులు చనిపోయారు. ఆ కోపం చల్లారకముందే వచ్చిన ఎన్నిక అది. ఆ ఎన్నికలో కాంగ్రెస్ ఢిల్లీలో 283 సీట్లతో గట్టెక్కింది గానీ చాలా రాష్ట్రాలు పోగొట్టుకుంది. 1970 ఏప్రిల్‌లో ఇందిర పార్లమెంటులో ఉక్కు ఫ్యాక్టరీ ప్రకటించారు. అధికారం గట్టిగా ఉన్నప్పుడు ఉద్యమకారుల మాట ఆలస్యంగా వినపడుతుంది, కాళ్లు వణుకుతున్నప్పుడు త్వరగా వినపడుతుంది. ఇది నా అభిప్రాయం, చరిత్రకారులు వేరేలా చెప్పొచ్చు.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి 2024కి వచ్చేస్తాను. బీజేపీకి 2019లో 303 సీట్లు, నూటికి 37 పైన ఓట్లు. 2024లో 240 సీట్లు, నూటికి 36న్నర ఓట్లు. ఓట్లలో ఒక్క శాతం కూడా తేడా లేదు, 63 సీట్లు ఎగిరిపోయాయి. కావాల్సింది 272. కూటమికి మొత్తం 293. అందులో తెలుగుదేశం 16, నితీశ్ గారి పార్టీ 12. ఈ రెండూ తీసేస్తే 265. ప్రధాని మారలేదు, పార్టీ మారలేదు. కానీ పదేళ్లలో మొదటిసారి ఆ కుర్చీ కాళ్లలో రెండు బయటివాళ్లవి. అధికారం చేతులు మారడం అంటే మనిషి మారడమే కాదండీ. అదే మనిషి ఎవరి ఫోను ఎత్తాలన్నది మారినా మారినట్టే.

2021 జనవరిలో కేంద్రం మన ఉక్కు ఫ్యాక్టరీని పూర్తిగా అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో అదే ఫ్యాక్టరీకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. 2019 ఫిబ్రవరిలో చెప్పిన రైల్వే జోన్ ఆఫీసుకి 2025 జనవరి 8న ప్రధాని ఇక్కడికొచ్చి శంకుస్థాపన చేశారు. ఆ 16 సీట్ల వల్లే ఇదంతా అని నేను చెప్పలేను. కానీ తేదీలు పక్కపక్కన రాసుకుని చూడండి. ప్యాకేజీ సరిపోతుందా, అమ్మకం ఆగినట్టా అన్నది ఉక్కునగరంలో ఉన్నవాళ్లని అడగండి, నాకంటే బాగా చెబుతారు. వాళ్లింకా నమ్మకంగా నిద్రపోవడం లేదు.

ఇంకొక లెక్క చెప్పి ముగింపుకి వస్తాను. 2019లో తెలుగుదేశానికి అసెంబ్లీలో నూటికి 39 ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి నూటికి 39 ఓట్లు, 11 సీట్లు. ఆ 39 మంది ఎక్కడికీ పోలేదు. మన పక్కింట్లోనే ఉన్నారు, మనతోనే పాలప్యాకెట్ కొనుక్కుంటున్నారు. 23 అనగానే పార్టీ చచ్చిపోయిందన్నారు, ఐదేళ్లలో లేచి కూర్చుంది. 11 అనగానే మళ్లీ అదే మాట అంటున్నారు. గెలిచినవాడు తన సీట్లు చూసుకుని నిద్రపోతే ప్రమాదం, వాడు చూసుకోవాల్సింది అవతలివాడి 39ని. ఈ మాట నేను ఇద్దరికీ చెబుతున్నాను, ఒకరికే చెబుతున్నానని రేపు ఫోన్లు చేయకండి.

నా చివరి డ్యూటీ 2024 మే 13. ప్రిసైడింగ్ ఆఫీసరుని. పొద్దున్నే మాక్ పోల్, యాభై ఓట్లు నొక్కి, ఫలితం చూపించి, వాటిని యంత్రంలోంచి తుడిచేయాలి. అది మర్చిపోతే ఇక అంతే. మా ట్రైనింగులో క్లోజ్, రిజల్ట్, క్లియర్ అని మంత్రంలా బట్టీ పట్టించారు. రెండు ఎన్నికలు కాబట్టి రెండు యంత్రాలు, ఎంపీకి తెల్ల పేపరు, ఎమ్మెల్యేకి గులాబీ. ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం ఎవరూ రారనుకున్నాం, లైను తగ్గనే లేదు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి బస్సులు పట్టుకుని వచ్చిన పిల్లలు.

సాయంత్రం ఆరుకి గేటు మూయాలి. అప్పటికి లైన్లో ఎంతమంది ఉంటే అందరికీ ఓటు హక్కుంది. అందుకని చీటీలు ఇస్తాం. ఆ చీటీలు లైను మొదటినుంచి ఇవ్వరు. చివరినుంచి ఇస్తారు. ఆరు దాటాక ఎవడూ వెనక వచ్చి చేరకుండా. ఒకటో నంబరు చీటీ అందరికంటే వెనక నిలబడ్డవాడికి వెళుతుంది. ఆ రోజు నా బూత్‌లో ఒకటో నంబరు వచ్చింది భుజాన బ్యాగుతో ఉన్న ఒక కుర్రాడికి. ముందు సంబరపడ్డాడు, మొదటివాడు తనే అనుకుని. సంగతి తెలిశాక ముఖం వేలాడేశాడు. "సార్, రాత్రి పదకొండుకి నా బస్సండీ, అందుతుందంటారా?" అన్నాడు. నేను లైను వైపు చూశాను. నూట ముప్పై మంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరు రెండు యంత్రాలు, రెండు మీటలు. "అందదు బాబూ" అన్నాను. ఒక్క నిమిషం ఆలోచించి ఫోను తీసి, బస్సు టికెట్ రద్దు చేసుకుని, బ్యాగు కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు.

నేను పోలైన ఓట్ల లెక్క చూపే ఫారం 17సి రాసి సంతకం పెట్టేసరికి రాత్రి పన్నెండు దాటింది. ఆఖరి వేలికి సిరా పూసింది అతనికే.